ఖాళీ బండి తూకం

"యాడ్నించి వస్తాయక్కా నీకీ మాటలు?"
ట్రాక్టర్ దిగకుండానే అడిగినాడు గజేంద్ర.
బంగారుపాళెం వేబ్రిడ్జి గదిలో
రాత్రి రెండు దాటి పది నిమిషాలు.
వాడి వెనక యాభై బండ్లు, బండ్ల నిండా తోతాపురి,
ఒక్కో కాయా కొంచెం కొంచెంగా పులిసిపోతా ఉండాది.

నాకేం తెలుసబ్బా అన్నా.
అబద్ధం. కొంచెం తెలుసు.

పోయిన సీజన్ నుంచి ఈ సీజన్ దాకా
ఒక్క వాక్యం రాలేదు నాకు.
కొత్త నోటుపుస్తకం కొన్నా. మంచి పెన్ను కొన్నా.
తెల్లారుజామున లేచి కూర్చున్నా,
పక్కింటి కుక్కర్ కూతలు లెక్కపెట్టి లేచిపోయినా.
మొదటి పేజీలో నా పేరు, పేరు కింద గీత. అంతే.
తర్వాత మా పాప అందులో ఎక్కాలు రాసుకునింది,
పదమూడో ఎక్కం తప్పుల్తో సహా.

తిరిగి మొదలయింది ఒక తూకం చీటీ వెనక.
చెంగల్రాయులని ఒక రైతు
కాటా మీద బండి నిలిపి, తను దిగి, దూరంగా నిలబడి
అంకెలు ఆగేదాకా ఊపిరి బిగబట్టుకున్నాడు.
తను ఊపిరి వదిల్తే
అక్కడ బరువు తగ్గిపోతుందన్నట్టు.
అది రాసుకున్నా.
కవిత్వమని కాదు, మర్చిపోతానని.

అప్పట్నుంచి పాలపొడి డబ్బాలో చీటీలు దాస్తా ఉండా.
శెల్వమ్మ టీ గ్లాసు లోపల వేలు పెట్టి రుద్దితే
పిల్లికూన పిలిచినట్టు వచ్చే చప్పుడు.
ధర అడిగి, విని, మళ్ళీ అడిగిన ముసలాయన,
రెండోసారి అడిగింది నన్ను కాదు.
కరెంటు పోయినప్పుడు
యాభై బండ్ల నుంచి ఒకేసారి వినపడిన కీచురాళ్ళు.
దేనికి పనికొస్తాయో తెలీదు. అడగను కూడా.

ఇంటికి పోయేటప్పుడు ఆటో ఎక్కను.
ఫోను సంచి అడుగున, టిఫిన్ క్యారియర్ కింద.
మొగిలి కొండకు ఎదురుగా రెండు మైళ్ళు.
మొదటి మైలంతా చీటీపాట డబ్బులూ, పాప ఫీజూ,
మేనేజరు అన్న మాటకు నేను చెప్పలేకపోయిన జవాబూ.
రెండో మైల్లో ఎప్పుడో
ఒక మాట పక్కన నడుస్తా ఉంటుంది.
తల తిప్పి చూడను.
చూస్తే నిలబడిపోతుంది, వీధికుక్క మాదిరి.

బాగలేని వాక్యాన్ని కొట్టెయ్యడం మానేసినా.
మాగలేదని కాయను తిట్టినోళ్ళను
ఇన్నేళ్ళల్లో నేనెవర్నీ చూడలేదు.
గడ్డి కప్పి మూలన పెడతారు.
వేరే పని మీద ఆ పక్కకు పోయినప్పుడు
వాసనే పిలుస్తుంది.
కొన్ని కుళ్ళిపోతాయి, అదీ నిజమే.

ఇదంతా గజేంద్రకు చెప్పలేదు.
వాడు లోడు దింపి నాలుగింటికి మళ్ళీ వచ్చినాడు,
కాటా మీద ఖాళీ బండి.
అప్పుడు మాత్రం అన్నా:
చూడబ్బా, నిండు బండిది ఒక్కటే రాస్తే
నీకు రూపాయి రాదు.
ఖాళీ బండిది కూడా రాయాల.
ఈ రెండిటి నడుమ ఉండేదే కదా నీ పంట.
నేనూ అంతే.
ఏమీ తోచని రోజు కూడా తేదీ వేసి
"ఈ రోజు ఏమీ లేదు" అని రాస్తా.
అట్లాంటివి పోయిన నెలలో పదకొండు.

వాడు ఆవులించినాడు.
"సరేక్కా, నెట్టు ఎంత?"

చెప్పినా. లెక్క సరిపోయింది.
బండి కదిలేటప్పుడు చూసినా,
ట్రాలీ మూలలో, తలుపు సందున
ఒక కాయ ఇరుక్కుని అట్లే ఉండాది.
పచ్చగా, ముక్కు వంకరగా.
ఖాళీ లెక్కలో కలిసిపోయింది అది.
అంత చిన్న బరువు మా కాటాకు కనపడదు.

చీటీ వెనక్కి తిప్పినా.