సామాన్ల జాబితా

ఆదిలాబాదులో లారీకి ఎత్తించేటప్పుడు
లెక్క రాసి పెట్టుకున్నాను:
బీరువా ఒకటి, గ్రైండరు ఒకటి, కుట్టుమిషను ఒకటి,
పుస్తకాలు నాలుగు బస్తాలు,
కుక్క ఒకటి, పిల్లి ఒకటి,
నేను.

కుక్క పేరు దొరబాబు. పద్నాలుగేళ్లు.
రెండు కళ్లలోనూ పాలపొర.
పిల్లి పేరు మిరియం. దాని వయసు దానికే తెలీదు,
దాని కడుపు సంగతి నాకు తెలీలేదు.
బలిసిందనుకున్నాను.
చలికాలం కదా, నేనూ బలిశాను.

నిర్మల్ దాటాక ఒకసారి, కర్నూలు దగ్గర ఒకసారి
దొరబాబుని దించి రోడ్డు పక్కన నిలబెట్టాను.
ముందు గాలిని వాసన చూసి,
ఇది మన ఊరు కాదని తేల్చుకుని
అప్పుడు గానీ కాలెత్తలేదు.
మస్తాన్‌వలి స్టీరింగు మీద గడ్డం ఆన్చి నవ్వాడు:
"ముసలాయనకి పట్టింపులెక్కువక్కా."

రెండో రాత్రి పీలేరు దాటాం.
అక్కడి చలి ఎండుపుల్ల విరిగినట్టు ఫట్‌మని తగిలేది.
ఇక్కడిది తడిగుడ్డ.
విదిలించినా పోదు, మెడకి చుట్టుకుని కూచుంటుంది.
అద్దం మీద వైపరు అటూ ఇటూ
ఎవరినో వద్దు వద్దంటున్నట్టు.

అద్దె ఇంటి కోసం ఫోనులో పదిహేడు మందిని అడిగాను.
వాళ్లూ నన్ను అడిగారు. ముందు కులం,
తర్వాత ముక్క తింటావా అని,
తర్వాత మొగుడేడీ అని.
ఇవన్నీ దాటి వచ్చినవాళ్లు కూడా
కుక్క దగ్గర ఆగిపోయారు.
జీవకోనలో రెడ్డెమ్మ ఒక్కతే
చాలాసేపు ఊపిరి మాత్రం వినిపించి,
"కుక్క ఒకటి, పిల్లి ఒకటి. అంతే కదామే?
ఇంకోటి కనపడిందంటే మాత్రం చూడు" అంది.
అంతే అన్నాను. ఒట్టు కూడా పెట్టాను.

భాకరాపేట కనుమ మొదట్లో
రోడ్డుకి అడ్డంగా గొలుసు.
మంకీక్యాపు, దాని మీద మఫ్లరు, మధ్యలో రెండు కళ్లు.
"యాడ్నించి వస్తా ఉండారు?
దుంగలేమన్నా ఉండాయా లోపల?"
ఇంటిసామాను కింద ఎర్రచందనం
దాచి తోలేవాళ్లుంటారట.
టార్చి పట్టుకుని ఎక్కాడు.
జెర్కిను మీద పేరుంది, మునిశేఖరం.
బీరువా తట్టాడు. పరుపు గుచ్చాడు.
దొరబాబు మొరగలేదు.
అతని బూటుని ఈ చివర నుంచి ఆ చివర దాకా
నిదానంగా చదివాడు.

అప్పుడు చూశాను, పిల్లి బుట్ట ఖాళీ.
మూత ఊడి ఉంది.
కడపలో టీకి ఆగాం. రాయచోటిలో టైరు చూసుకున్నాం.
ఎక్కడ దూకిందో?
గొంతులోకి ఏదో వచ్చి అడ్డం పడింది.
అతను కుట్టుమిషను వెనక గుడ్డపీలికల పెట్టె లాగాడు.
లాగినవాడు అలాగే వంగి ఉండిపోయాడు.

"ఇట్లా రాండి మేడం" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

ఎవరివో జాకెట్టు ముక్కల మీద, దారపుండల మధ్య
మిరియం.
మూడు. కాదు, టార్చి జరిపితే నాలుగు.
ఒకటి ఇంకా తడిగానే ఉంది.
తల్లి మా వైపు చూసిన చూపుకి
దిగండి ముందు, అని తప్ప అర్థం లేదు.
దిగాం.

మునిశేఖరం ఫ్లాస్కు మూతలో
ఏదో పోసి లోపల పెట్టి వచ్చాడు. టీ.
మిరియం ముట్టలేదు. దొరబాబు తాగేశాడు.
రిజిస్టరు తెరిచి పెన్ను నోట్లో పెట్టుకుని
కాసేపు ఆలోచించి
'ఇంటి సామాను' అని మాత్రం రాశాడు.

కనుమ దిగుతుంటే మలుపు మలుపుకీ
పెట్టె జరక్కుండా కాళ్లతో అదిమి కూచున్నాను.
మూడింటిది ఏ ఊరో నేను చెప్పలేను.
కడప కావచ్చు, రాయచోటి కావచ్చు.
నాలుగోది మాత్రం ఇక్కడిదే.

జీవకోన. ఇంకా తెల్లారలేదు.
రెడ్డెమ్మ శాలువా కప్పుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది.
దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు
ఒక్కటీ నోటికి రాలేదు.
ముందు దొరబాబుని దించాను.
ముక్కు పైకెత్తి కొండ వైపు నుంచి వచ్చే గాలిని
వాసన చూస్తున్నాడు,
చూస్తూనే ఉన్నాడు.
వెనక, లారీలో, సన్నగా ఒక కూత.
రెడ్డెమ్మ తల అటు తిప్పింది.