ముక్కు కారాలన్నా భూమి కావాలి

బుధవారం. ఆలాపల్లి అడవి గుంతలన్నీ
నడుములో మోసుకుని సిరోంచ చేరాను.
ఒళ్ళో నలిగిన వైద్య పత్రిక,
అందులో ఆరు నెలలుగా నేలకి దిగని
ఒక వ్యోమగామి ముక్కు.

అక్కడ నెత్తురు కాళ్ళలోకి జారదట.
మొహం ఉబ్బి, ముక్కు బిగిసి
రోజూ పడిశం పట్టినట్టే ఉంటుందట.
చీమిడి కారదు.
ఎటు కారాలో దానికి తెలియదు.

మొదటి చీటీ అంకుబాయి కొడుకుది.
పైపెదవి మీద రెండు కాలవలు.
"సర్దీ తగ్గుతలేదమ్మా" అని సిగ్గుపడి
కొంగుతో గట్టిగా తుడవబోయింది.
ఆగు, చూడనీ అన్నాను.
ఎంత తిన్నగా వస్తున్నాయో
నేలని వెతుక్కుంటూ.

తర్వాత జిన్నింగు మిల్లు సమ్మక్క.
పదకొండేళ్ళ పత్తి మిషను
ఇంటికెళ్ళాక కూడా ఆమె చెవిలో తిరుగుతుంది.
చెవులు మూసుకుని పనిచెయ్యమంటే నవ్వుతుంది,
ఒంటినిండా దూదే కదా అని.
ఆ నౌకలోనూ పంకాలు రాత్రింబవళ్ళు రొద పెడతాయి.
ఆగితే, తాను విడిచిన ఊపిరే
మొహం చుట్టూ ముసురుకుని మనిషిని చంపుతుంది.
ఇక్కడ మిల్లు ఆగితే పస్తు.
చెవిబిరడాలు రాసిచ్చాను.
పెట్టుకోదని తెలుసు.

పడవ బానయ్య గోడ పట్టుకుని వచ్చాడు.
పక్కకి ఒత్తిగిలితే చాలు,
ప్రాణహిత నెత్తిమీదికి లేస్తోందట.
చెవి లోపల ఇసుకంత రాళ్ళుంటాయి,
కింద ఎటో చెప్పేవి అవే,
దారి తప్పాయి, అన్నాను.
తల రెండు చేతుల్లోకి తీసుకుని
బల్ల అంచున వాల్చి, తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి
రేణువుల్ని రేవుకి తోలాను.
ఆకాశం నుంచి దిగినవాడూ ఇలాగే
గోడ పట్టుకుంటాడని చెప్పాను, ధైర్యానికి.

నోరు తెరవమంటే రెండు వేళ్ళే పట్టింది.
ఖర్రా. బుగ్గ లోపల తెల్లగా, తోలులా.
"మిరపతొక్కు మంటైతాంది, తింటలేను."
పైనున్నవాడు ఏ రుచీ తెలియక
ఇంకా కారం, ఇంకా కారం అంటున్నాడట.

బానయ్య లేచి
నేల ఉందో లేదో కాలితో తడిమి
చాలాసేపు ఆలోచించి అడిగాడు:
"ఆడ ఉమ్మితె యాడికి పోతది, మేడం?"

పత్రికంతా వెతికాను. ఆ సంగతి రాయలేదు.
ఈలోగా బయట,
ఉమ్మరాదని మూడు భాషల్లో రాసిన గోడ కింద
ఎర్రగా, సూటిగా
జవాబు పడింది.