కట్టిన పాట

ఉరవకొండలో పంక్చరంగడి మీద గది.
కింద గాలి కొట్టే మిషను ఆగినప్పుడే
మేము పాడాల.
దస్తగిరి బ్యాంజో తెచ్చినాడు,
టైపు మిషను మీటలుండే బ్యాంజో.
పీర్ల పండగల్లో, పెండ్లి ఊరేగింపుల్లో
వాళ్ళ నాయన వేళ్ళకు అరిగి అరిగి
మూడో మీట మీద అంకె లేదు.
శేషఫణిది గిటారు. నాది గొంతు.
పగలు నేను ఆస్పత్రిలో రక్తం తీసే మనిషిని.

పాట మాది కాదు.
శెనక్కాయ చెట్లు పెరికే ఆడోళ్ళది.
చెరువు కట్ట ఎన్నిసార్లు పోసినా నిలవకపోతే
చిన్న కోడల్ని నిలబెట్టి పూడ్చిన కథ.

కూలిపాట కదా, దానికి నడుమే గడియారం.
ఒక వంగు, ఒక పెరుకు,
చెట్టును మోకాలికేసి మట్టి దులిపే దెబ్బ.
ఆ దెబ్బను శేషఫణి కంప్యూటర్లో
డ్రమ్ము చేసినాడు, నిమిషానికి తొంభై రెండు.
బాగుంది. కాలు ఊరుకోలేదు.
ఆఖరి చరణం కాడ మాత్రం
నా గొంతు ప్రతిసారీ మెట్టు తప్పుతాంది:

"నవ్వుకుంటా పోయె చెన్నక్క
కట్టలోకి, పుట్టింటికి పోయినట్టు."

నవ్వుకుంటానా?
ఎవరు చూసినారు?
మొదటి తట్ట మట్టి ఎవరిదో
పాటలో ఎందుకు లేదు?
మొగుడు ఆ పొద్దు యాడుండె?
సూది చూపిస్తేనే
మొగం గోడకు తిప్పుకునే జనాన్ని
దినామూ చూస్తాను నేను.
నవ్వేవాళ్ళు ఇంకా రాలేదు.

ఒక్క మాట మార్చినాను.

"నవ్వుకుంటా పంపిరి చెన్నక్కను
కట్టలోకి, పుట్టింటికి పంపినట్టు."

నవ్వు అట్లే ఉంది.
నోరు మారింది.

దస్తగిరి మీట మీద పెట్టిన వేలు
కొంచేపు ఎత్తలేదు.
శేషఫణికి మనసొప్పలేదు.
పెద్దోళ్ళ పాట, మనమెవరం అన్నాడు.
తాళం మార్చినప్పుడు, శ్రుతి మార్చినప్పుడు
యాడికి పోయిండిరో ఆ పెద్దోళ్ళు,
మాట కాడికొచ్చేసరికి
గదినిండా వచ్చి కూర్చున్నారు.

ఆదివారం, తేల్చుకోలేక,
వజ్రకరూరు దాటి ఓబులక్క దగ్గరికి పోతిమి.
నీడలో కాళ్ళు చాపుకొని
విత్తనానికి కాయలు ఒలుస్తాంది.
ఫోన్లో వినిపించినాము.
ఒలిచే చేయి ఆగలేదు.
ముందు బ్యాంజోను తిట్టింది.
"మేము ఊపిరి తీసుకునే కాడంతా
ఇదే వాగుతాందే, ఏందిమ్మే ఇది?"
దస్తగిరి తల గోక్కున్నాడు.

ఆఖరి చరణం వచ్చింది.
పప్పొకటి నోట్లో వేసుకొని
మెల్లగా నమిలింది.
"ఇది మా జేజి పాడుతుండె."
"ఏది అవ్వా?"
"అదే, పంపిరి అని.
మేస్త్రీ గట్టు మీద ఉంటే పోయె.
మేస్త్రీ బీడీకి పోతే పంపిరి.
రెండూ పాటే.
మిషన్లు పట్టుకొని పాటలు రాసుకునేటోళ్ళు
మీకన్నా ముందొకసారి వచ్చిండ్రి.
ఆ పొద్దు
మేస్త్రీ గట్టు మీదే ఉండె."

ఈ పాట కట్టిందెవరు అవ్వా
అని అడిగినాడు శేషఫణి.
"కట్ట కట్టినోళ్ళే" అని
చాట ఎగరేసింది.
పొట్టంతా మా మీద పడింది.

తిరిగొచ్చేటప్పుడు బండి ఆపి చూస్తిమి.
చెరువులో నీళ్ళు లేవు, కంపచెట్లు.
కట్టకు నడిమధ్యన గండి,
లారీ పోయేంత.
ఎప్పుడు తెగిందో గొర్రెలు కాసే పిల్లోనికి తెలీదు.
తెగిందని మాత్రం
ఎవరూ పాట కట్టలేదు.

రాత్రి మళ్ళా గదిలో.
ఆమె చెప్పిన చోట దస్తగిరి వేలెత్తినాడు,
శేషఫణి ఏమీ అనకుండా డ్రమ్ము తీసేసినాడు.
ఆ సందులో
కింద ఎవరి లారీ టైరుకో
గాలి పడతా ఉండింది, బుస్సుమని.
రికార్డయిపోయింది.
అట్లే ఉండనిచ్చినాము.