గ్యాప్

జమ్మికుంట ప్యాసింజర్ ఖాజీపేటల దింపేసరికి ఏడున్నర.
ఇంటర్వ్యూ పదింటికి.
ఫైల్ల ఎంటెక్ మెమోలు, గేట్ స్కోరు కాయితం,
కులం సర్టిఫికెట్ మూడు జిరాక్సులు.
చీర కొంగుకు ఎక్కడిదో ఒక దూది పోగు.
దులిపితే పోలే. వదిలేసిన.

వరండాల పందొమ్మిది మందిమి,
రెండు సీట్లకు.
ఒకతను కండ్లు మూసుకొని సమీకరణాలు నెమరేస్తున్నడు.
మానుకోట నుంచి వచ్చినామె
పసిదాన్ని తల్లి చేతికిచ్చి, మళ్ళ తీసుకొని, మళ్ళ ఇచ్చింది.

"తాళ్ళపెల్లి కోమల!"

లోపల అయిదుగురు. నీళ్ళ గ్లాసుల మీద మూతలు.
"ఎంటెక్ తర్వాత మూడేళ్ళు గ్యాప్ ఉందేం?"

గ్యాప్ కాదు సార్, జిన్నింగ్ మిల్లు.
గేటు దగ్గర పత్తి బండ్ల వరుస,
తేమ మీటరు పట్టుకొని నేను.
దాని మొన కుప్పల గుచ్చితే వచ్చే అంకె
ఒక మనిషి ఏడాది కష్టం.
పొద్దుగాల పదమూడు.
అదే బండి, అదే పత్తి, ఎండెక్కినంక పది.
అరచేత అదిమి గుచ్చితే ఇంకో అంకె.
పన్నెండు దాటితే బండి వెనుకకు తిరగాలె.

మా చిన్నాయిన అయిలయ్య
గుప్పెడు పత్తి బుగ్గకు ఆనించుకొని
"పదిన్నర ఉంటది బిడ్డా" అన్నడు.
మీటరు పద్నాలుగన్నది.
నేను మీటరు చెప్పిందే రాసిన.
(ఈ ముక్క వాళ్ళకు చెప్పలే.)

"సరే. మీ టాపిక్‌లో రీసెర్చ్ గ్యాప్ ఏమిటి?"

నవ్వొచ్చింది. ఆపుకున్న.
ఇంతసేపు గ్యాప్ ఉన్నందుకు సంజాయిషీ,
ఇప్పుడు గ్యాప్ చూపిస్తేనే సీటు.

బోర్డు మీద గీసిన:
మీటరు తడిని కొలవదు సార్,
కరెంటు ఎంత సులువుగ పారుతదో చూసి
తడి ఎంతో ఊహిస్తది.
వేడి, ఉప్పు, నొక్కిన చెయ్యి,
అన్నీ దానికి తడిలెక్కనే కనబడుతయి.
సుద్దముక్క విరిగింది. సగంతోనే రాసిన.

చివరి కుర్చీల మేడం పెన్ను కింద పెట్టింది.
"మీరు మీటరు తప్పుతుందంటున్నారు.
చేతి అంచనా ఎంత తప్పుతుందో కొలిచారా?"

లేదన్న.
పద్నాలుగు నిమిషాలల్ల
నన్ను నిజంగ అడిగిన ప్రశ్న అదొక్కటే.
జవాబు లేకున్నా
ఎందుకో కడుపు నిండింది.

సాయంత్రం నోటీసు.
వెయిటింగ్ లిస్టుల రెండు.
కింద సన్నటి అక్షరాలు:
ఫెలోషిప్ లేకుండా చేరేవారు
వారంలోగా తెలుపవలెను.
మానుకోట ఆమె పేరు మీద వేలు పెట్టి
బిడ్డకు చూపిస్తున్నది.
దానికి చదువు రాదు గదా, వేలును నోట్లె పెట్టుకున్నది.

తిరుగు బండిల కిటికీ పక్కన
కొంగు పోగు తీసి బుగ్గకు ఆనించుకున్న.
నాకేం తెలువలే.

మిల్లుల సన్నపు త్రాసు అడగాలె.
పాలిటెక్నిక్‌ల పనిచేసే దోస్తును ఓవెన్ అడగాలె.
ఉప్పల్ దాటినంక ఫోన్ చేసిన:
చిన్నాయినా, నూరు గుప్పెళ్ళ పత్తి కావాలె,
ఒక్కొక్కటి బుగ్గకు పెట్టి అంకె చెప్పాలె,
నేను చూపించిన దాకా మీటరు చూడొద్దు.

అటు దిక్కు చానసేపు ఏం మాట లేదు.
"నూరా?" అన్నడు.
"కూలి ఎంతిస్తవే?"