తక్‌పట్టీ వెనుక పన్నెండు మాటలు

ఎనుమాముల యార్డుల నేను దడ్వాయిని.
ఇరవై రెండేండ్లు మిర్చి బస్తాలు జోకిన.
రైతు కండ్లల్లకు చూడకు, ముల్లును చూడు
అని పని నేర్పిన కొంరెల్లి చెప్పిండు.
ఇప్పుడు ముల్లు పోయి ఎర్ర అంకెలొచ్చినయి,
చూపు మాత్రం అదే.

ఫోన్ల ముందుగాల వచ్చింది రేట్ల గ్రూపు.
తేజ ఎంత, వండర్‌హాట్ ఎంత, తాలు ఎంత.
ఆరు కొట్టకముందే గులాబి పూలు, శుభోదయాలు,
ఎవలి పెండ్లో, ఎవలి చావో,
తప్పిపోయిన బర్రె ఫొటో.
యార్డంత నా అంగి జేబులనే ఉన్నట్టుండేది.

ఓ మాపు అడ్తి గుమస్తా శ్రీపతి
అండ్ల నీలం గీత ఒకటి పడేసిండు.
"వత్తి చూడుండ్రి, ఇంకో గ్రూపున్నది."

వత్తిన.
గేటు లేదు, కాపలా లేదు,
ఏ ఊరు, ఎన్ని బస్తాలని అడిగినోడు లేడు.
గడప లేని ఇల్లు.
కాలు పెట్టినంక గాని తెల్వలే లోపలున్ననని.

నలభై వేల మందట.
వెన్నెల అని ఒకామె, మొఖం చూడలే,
రాసిన మాట మా ములుగు దిక్కు మాట లెక్కనే ఉండేది.
"తిన్నవా అన్నా" అని అడిగేది.
యార్డుల గామాట ఎవ్వలడుగుతరు?

నాణెం అన్నరు. చూపెట్టుమన్న.
పదిమంది నవ్వు బొమ్మలు పెట్టిండ్రు.
బరువు లేనిదాన్ని ఎట్ల నమ్మాలె అందామనుకున్న,
మా అడ్తిదారు "రేపు" అని
మూడు నెల్లు ఆపిన పైసలు యాదికొచ్చినయి.
ఆ రేపుకు మాత్రం బరువేడిది?

పన్నెండు మాటలిచ్చిండ్రు, ఇంగ్లీషుల.
ఇవే తాళంచెవి, ఇవే విత్తనం,
కన్నతల్లికి గూడ చెప్పకన్నరు.
తక్‌పట్టీ వెనుక రాసుకున్న.
నది, గొడుగు, నక్క, అల్లం...
బిడ్డ అఖిల అర్థం చెప్పుకుంట నవ్వింది,
ఒకదానికొకటి చుట్టం కాని మాటలు.
మా ఇంటామె కౌసల్య పసుపు డబ్బాల దాచింది.

తర్వాత నేనే దర్వాజనైన.
హమాలి మొగిలిని చేర్పిచ్చిన.
చాట కూలి రాధవ్వను చేర్పిచ్చిన.
మొత్తం పదకొండు మంది,
ఒక్క బొటనవేలుతోని.
"ఫలానాయన ఫలానామెను చేర్చిండు" అని
తెర మీద సన్నగ నా పేరు పడేది.
ఇరవై రెండేండ్లల్ల జోకిన ఏ బస్తా మీద పడని పేరు.

పచ్చ గీతలు ఎక్కినయి. నాలుగు లక్షలు అన్నది ఫోను.
తీసుకుంటనంటే వెన్నెల చెప్పింది,
ఆ పన్నెండు మాటలు ఒక్కపారి పంపు అన్నా,
మిషన్ సరి చూసుకుంటది.
తిన్నవా అని అడిగినంకనే చెప్పింది.
పసుపంటిన చీటి ముందట పెట్టుకోని
ఒక్కొక్క అచ్చరం కొట్టిన.

నకిలీ విత్తనమైతే
సంచి మీద కంపెని పేరన్న ఉంటది,
నర్సంపేట రోడ్డు మీద కూసోని బస్సులాపొచ్చు.
దీనికి ఏ రోడ్డు?

తెల్లారి నన్ను తీసేసిండ్రు.
ఆదివారం ఊకెనే ఖిలాకు పోయిన.
నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణాలు,
నడుమ గుడి లేదు.
ద్వారాల కిందికెళ్లి అటు పోయిన, ఇటొచ్చిన,
ఎవలో ఫొటో దియ్యాలె జరగుమన్నరు.

సోమారం రాధవ్వ చాట పక్కకు పెట్టి వచ్చింది.
పద్దెనిమిది వేలు ఆమెవి.
తిడ్తదని నిలబడ్డ.
"గ్రూపుల ఇంక పొద్దుకు ముప్పై మెసేజులొస్తున్నయి.
నన్ను తీసెయ్యలే.
చేర్పిచ్చినోనివి నువ్వే గదా,
ఎట్ల బైటికి రావాలె జెర చెప్పు."

ఏడ వత్తాలెనో చూపెట్టిన.
పొద్దటిసంది మిర్చి ఏరిన వేలు,
తెర పట్టలే.
కొంగుకు తుడుచుకోని
మళ్ల వత్తింది.