నాలుగో నంబరు

సల్మాబాద్ క్యాంపు, పదకొండో రూము.
ఎనిమిది మందిమి, మనిషికి ఆరు దీనార్లు,
మనామాల సెకండ్‌హ్యాండుకు కొన్న డబ్బా.
రెండేండ్లు డోకా లేదని దుకాణపాయన ఒట్టేసిండు.
మోసుకచ్చిన రాత్రి పోశెట్టి దానికి
కూరలకని దాసిన పసుపుతోని బొట్టు పెట్టిండు.

శుక్రవారం వంతులు, మనిషికి పావుగంట.
చీట్లు తీస్తే లింబాద్రికి నాలుగో నంబరు పడ్డది,
ఇగ అదే ఖాయమయింది.

మొదటోడు ముచ్చట పెడుతడు. రెండోడు కొట్లాడుతడు.
మూడోడు కొడుకుతోని ఎక్కాలు చెప్పిచ్చుకుంటడు.
లింబాద్రి దువ్వెన జేబుల పెట్టి
స్టూలు మీద కూసుంటడు.
మెట్‌పల్లి నెట్‌సెంటర్ల భూలక్ష్మి
కొంగు సర్దుకుంటది.
“తిన్నవా?”
“తిన్న.”
“ఏం కూర?”
అంతే. తెర నీలమైతది.
మాల ఎవ్వలికీ చదువరాని తెల్లటి అక్షరాలు
వానకాలం ఉసిళ్ల లెక్క దిగుతయి.
తర్వాత ఎంత ఒత్తినా లేవది.

తొమ్మిది శుక్రవారాలు, తొమ్మిది కూరలు,
ఒక్కదాని పేరూ ఇనలే.

“వాని నసీబే గంత” అన్నరు రూములోళ్లు.
“వాడు నోరు తెరిస్తే మిషన్లు సస్తయి.”
లింబాద్రి కూడ నమ్మిండు.
మొన్న సైటు మీద కాంక్రీటు మిల్లరు ఆగితే
తనే పది అడుగులు దూరం జరిగి నిలబడ్డడు.

నేను ఏసీ మెకానిక్కు హెల్పర్ను.
కంప్యూటర్ పని నాకు రాదు.
కాని ఆగిపోయినదాన్ని ఎట్ల అడగాల్నో తెలుసు:
ఎప్పుడాగినవు, అంతకు ముందు ఏం జేసినవు,
ఒంట్ల జరమున్నదా.

పదో శుక్రవారానికి ముందు రాత్రి
అది మొత్తానికే పడుకున్నది.
బటన్ ఒత్తితే లైటు వెలుగుతది, ఒక్క కూత,
ఇగ సప్పుడు లేదు.
రైస్ కుక్కరుతోని ఒక్క బోర్డు మీద ఉన్నదని
ప్లగ్గు మార్చిన. వైర్లు పీకి పెట్టిన.
ర్యామ్ పట్టీ తీసి, ఊరికి పంపుదామని పోశెట్టి కొన్న
పండు వాసన రబ్బరుతోని రుద్దిన.
లేచింది!
నలభై ఆరు నిమిషాలకు మల్ల నీలం.
మల్ల లేపిన. పది నిమిషాలు.
మల్ల. నాలుగు.
చెయ్యి పెడితే డబ్బా వీపు పెనం లెక్క కాలింది.

మూడు పావుగంటలెంత? నలభై అయిదు.
“లింబాద్రన్నా, లే.
నసీబు కాదే ఇది, నంబరు.”

మూత ఇప్పిన. ఫ్యాను తిరుగుతలేదు.
రెక్కల నడుమ ఇసుక, సిమెంటు, రొట్టెపిండి,
ఎనిమిది దుప్పట్ల నూగు,
అన్నీ కలిసి పిట్టగూడు అల్లుకున్నయి.
షేవింగు బ్రష్షుతోని దులిపిన. కుట్టుమిషను నూనె
ఒక్క సుక్క ఏసిన.
చిప్పు మీది మలాము ఎండి పెంకులు లేసింది.
నడిరాత్రి మలాము ఏడ దొరుకుతది?
టూత్‌పేస్టు రాసిన, శనగగింజంత.
వారం పది రోజులు ఆగుతది,
తర్వాతి సంగతి తర్వాత.

తెల్లారి మొదటోడు, రెండోడు, మూడోడు.
నలభై అయిదు దాటింది.
రూమంతా మంచాల మీద లేచి కూసున్నది.
“తిన్నవా?”
“తిన్న.”
“ఏం కూర?”
భూలక్ష్మి నోరు తెరిచింది. “చి…”

తెర నీలం కాలే. బొమ్మ ఆగింది.
మా ఫ్యాను సల్లగ తిరుగుతనే ఉన్నది.
అక్కడ, మెట్‌పల్లిల, కరెంటు పోయింది.

“చిక్కుడుకాయ” అన్నడు పోశెట్టి.
“ఎండకాలం చిక్కుడేడిదిరా, చింతచిగురు.”
“చికెన్ గావచ్చు.”
“శుక్రవారం ఆమె నీసు ముట్టది”
లింబాద్రి మెల్లగ అన్నడు, ఎనకకు తిరగకుండనే.

తెర కింది మూలన, చిన్న కిటికీల
ఆయన మొఖం ఒక్కటే కదులుతుంది.
దువ్వెన తీసి, దాంట్ల చూసుకుంట
పాపిట మల్ల తీసుకున్నడు.

పావుగంట నిండేదాక
ఐదో నంబరోడు స్టూలు అడగలే.