తుమ్మ మొద్దు

తాటిపాక కోత మిల్లుకి రంపం మిషను కొందామని
రావులపాలెం వెళ్ళాం.
అమ్మేవాడు రంగు చూపించాడు,
గ్యారంటీ కాగితం చూపించాడు.
ఏలీషా మేస్త్రి అవేవీ చూళ్ళేదు.
చక్రాన్ని బొటనవేలితో తిప్పి
చెవి ఆనించాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

"కొబ్బరి మొద్దుదేముంది, ఏదైనా కోస్తుంది.
మా నల్లతుమ్మని కొయ్యమను."

ఆటోలోంచి దొర్లించాం.
లాకుల దగ్గర కాలవగట్టున పెరిగింది,
ఏడాది బురదలో నాని
ఏడాది నీడన ఆరింది.
మొదటి కోతకి కాఫీపొడి లాంటి పొట్టు.
రెండో కోతకి కమురు వాసన.
మూడో కోతలో ఖంగుమంది,
ఆ వెంటే ఆగిపోయింది.

చీల్చి చూస్తే
పడవ కట్టే ఇనప మేకు.
ఏ గాలివాన రాత్రి ఎవరు దిగ్గొట్టారో,
చుట్టూ నలభై వలయాలు పోసుకుని
చెట్టు లోపలే ఉంచుకుంది.

అమ్మేవాడి మొహంలో నెత్తురు లేదు.
మేస్త్రి, మూడువేళ్ళ ఎడంచేతిని
లుంగీ మడతలో దోపుకుని,
"ఇదే తీసుకో అబ్బాయ్.
మన పాతది
ఆగేది కాదు" అన్నాడు.

విరిగిన నాలుగు పళ్ళకీ
లెక్కగట్టి పుచ్చుకున్నాడు షాపువాడు.
మేకు మేం తెచ్చుకున్నాం.